అప్‌డేట్: యాంటీబాడీలు సగానికి పడిపోయాయని అడిగింది నేనే

స్వల్ప కోవిడ్ తగ్గిన నెలకు చేయించిన టెస్టులో బాగా ఉన్న యాంటీబాడీలు, నాలుగో నెలకు సగానికి పడ్డాయి, ఇమ్యూనిటీ పోయినట్టేనా అని అడిగాను కదా. పోలేదట.

డాక్టరుగారు చెప్పింది ఇదీ. ఇన్ఫెక్షన్ రాగానే యాంటీబాడీలను గుప్పించే కణాలు ఎక్కువ రోజులు బతకవు. రక్తంలోని ఐజీజీ (ముఖ్యమైన యాంటీబాడీ రకం) కూడా దాదాపు 3 వారాలకు సగమవుతుంది. కాబట్టి మొదట్లో గబగబా దిగడం మామూలే. తర్వాత ఆ దిగుడు నెమ్మదిస్తుంది, ఎందుకంటే ఎముక మజ్జలో చేరిన దీర్ఘాయువు ప్లాస్మా కణాలు యాంటీబాడీలను కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటాయి. స్వల్పంగా జబ్బుపడ్డవాళ్లలోనే, 7 నెలలు దాటాక కూడా వాటిని చూశామని 2021లో ‘నేచర్’లో అధ్యయనం వచ్చింది. వైరస్‌ను గుర్తుపెట్టుకునే మెమరీ బి కణాలైతే నెలల తరబడి ఇంకా పదును తేలతాయట. వీటిలో ఏదీ నా రిపోర్టులో కనపడదు! అంకె ఒక్కటి పట్టుకుని నిద్ర పాడుచేసుకున్నాను.

ఇంకో పొరపాటు నాదే: రెండు టెస్టులూ వేర్వేరు ల్యాబుల్లో. ఒకటి వైరస్‌లోని స్పైక్ ప్రోటీన్‌పై యాంటీబాడీలకి, ఇంకొకటి న్యూక్లియోక్యాప్సిడ్ అనే వేరే ప్రోటీన్‌పై యాంటీబాడీలకి. వాటిని పోల్చకూడదట.

అలాగని మళ్లీ సోకదని కాదు, వేరియంట్లు మారుతుంటాయిగా. తీవ్రం కాకుండా ఆపడంలో వైరస్ సోకిన కణాలపై దాడిచేసే టి కణాల పాత్ర కూడా ఉంది. మూడో టెస్టు మాత్రం మానుకున్నాను.