అణు ఉద్గారమా, పరమాణు ఉద్గారమా?

ప్రశ్న: డిగ్రీ కెమిస్ట్రీ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. గ్యాస్ క్రోమటోగ్రఫీలో (ఆవిరైన మిశ్రమంలోని పదార్థాలను విడదీసే పద్ధతిలో) వాడే ‘ఎటామిక్ ఎమిషన్ డిటెక్టర్’ని ‘అణు ఉద్గార శోధకం’ అనొచ్చాండీ? పేపర్లలో అణుశక్తి, అణుబాంబు అనే రాస్తారు కదా.

జవాబు: ఇక్కడ మాత్రం వద్దండీ. పేపర్లో అణువన్నా పరమాణువన్నా చెల్లిపోతుంది. పాఠ్యపుస్తకంలో అణువు (మాలిక్యూల్) వేరు, పరమాణువు (ఆటమ్) వేరు. ఈ పరికరం పనంతా ఆ తేడా మీదే నడుస్తుంది.

పదార్థాలను విడదీసే పొడవాటి గొట్టమైన కాలమ్ చివర, సన్నటి సిలికా గొట్టంలో హీలియం ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు విడివడ్డ వేడి వాయువు, వెలుగుతుంటుంది. 2.45 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లు దాన్ని ఆరిపోకుండా నిలబెడతాయి. మామూలు వాతావరణ పీడనంలోనే హీలియం ప్లాస్మా నిలిచే క్యావిటీని (మైక్రోవేవ్‌లను పట్టి ఉంచే లోహపు గూడును) బీనాకర్ అనే శాస్త్రవేత్త 1976లో చూపించాక ఈ పద్ధతి ఊపందుకుంది. ఆ ప్లాస్మాలో పడ్డ అణువు ఇక అణువుగా మిగలదు. పరమాణువులుగా విడిపోతుంది, ఒక్కో మూలకం తనదైన తరంగదైర్ఘ్యంలో కాంతినిస్తుంది. గంధకం 181 నానోమీటర్ల దగ్గర, కార్బన్ 193 దగ్గర, క్లోరిన్ 479 దగ్గర. పురుగుమందుల అవశేషాలున్న నమూనాలో క్లోరిన్ గీత ఒక్కటే చూస్తే, ఎన్ని పదార్థాలు కలిసి వచ్చినా క్లోరిన్ ఉన్నవే గ్రాఫులో శిఖరాలుగా లేస్తాయి. ఎంత అందమైన పద్ధతో!

ఇంకో డిటెక్టర్ కూడా ఉంది, మంటలో వెలువడే కాంతిని కొలిచే ఫ్లేమ్ ఫోటోమెట్రిక్. గంధకం కోసం అందులో 394 నానోమీటర్ల దగ్గరి కాంతిని చూస్తారు. ఆ కాంతినిచ్చేది ఒంటరి పరమాణువు కాదు, హైడ్రోజన్ మంటలో రెండు గంధక పరమాణువులు జతకట్టిన అణువు. కాబట్టి ‘అణు ఉద్గారం’ అన్న పేరు న్యాయంగా దానిది. జత కావాలి గనక అక్కడ సిగ్నల్ దాదాపు గంధకం మొత్తానికి వర్గంగా పెరుగుతుంది, అంటే రెట్టింపు గంధకానికి సుమారు నాలుగింతలు. ప్లాస్మాలో ఆ గొడవ లేదు, రెట్టింపు గంధకానికి రెట్టింపు సిగ్నల్. రెండింటికీ ఒకే పేరు పెడితే ఈ లెక్క ఎందుకు మారిందో విద్యార్థికి అంతుపట్టదు.

వ్యాఖ్య: అణువు సంగతి సరే. ‘ఉద్గారం’ అనగానే కర్బన ఉద్గారాలు, పొగ గుర్తొస్తున్నాయి. సంస్కృతంలో త్రేన్పు అని కూడా అర్థం. ‘వెలువరింత’ అంటే బాగుండదా?

జవాబు: వెలువరింత మంచి మాటే. కానీ ‘ఉద్గార వర్ణపటం’ ఇంటర్ పుస్తకాల్లో స్థిరపడిపోయింది, దాన్ని వదులుకోకూడదు. పొగ భయం ఉంటే మొదటిసారి ‘కాంతి ఉద్గారం’ అని రాయండి, చాలు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు గుంటూరులో జాన్సెన్, మచిలీపట్నంలో పోగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు సూర్యజ్వాలల్లో చూసినవీ ఉద్గార గీతలే. ఆ ఏడాది బయటపడ్డ పసుపు గీతనుబట్టే ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ కొత్త మూలకం ఉందన్నాడు. అదే హీలియం, ఈ డిటెక్టర్‌లో వెలిగే వాయువు. తెలుగు పాఠంలో ఈ నాలుగు ముక్కలు తప్పకుండా పెట్టండి.

ప్రశ్న వేసినవారు: ‘పరమాణు ఉద్గార శోధకం’ అనే రాస్తానండీ. మంట డిటెక్టర్ పాఠాన్ని దీనికి ముందుకు జరుపుతున్నాను.