సిలూయెట్‌కు మన మాట: వాలకమా, ఓజా?

కావలి నుంచి:
చిన్న వీడియో ఆటకు మనుషుల బొమ్మలు గీస్తున్నాను. ఒక్కో మనిషి 16 గళ్ల (పిక్సెళ్ల) వెడల్పు, 24 గళ్ల ఎత్తు. కళ్లకు చెరొక గడి ఇస్తే ముక్కుకు చోటే లేదు. ‘కనుముక్కు తీరు’ అన్న మన మాట ఇక్కడ మొదటి రోజే చేతులెత్తేసింది. 1981లో డాంకీ కాంగ్ అనే వీడియో ఆటలో హీరో మారియోకు మీసం వచ్చింది నోరు గీసే చోటు లేకే; టోపీ వచ్చింది జుట్టు గీసే బాధ తప్పించుకోవడానికి.

అందుకే ముందు మనిషినంతా నల్లరంగుతో నింపేస్తాం. అప్పుడూ ఫలానా అని పోల్చుకోగలిగితేనే లోపలి రంగుల జోలికి వెళతాం. నిన్న చేపల గంప మోసే ఆమెను గీశాను. గంపను తలకు అటూ ఇటూ మూడేసి గళ్లు బయటికి లాగి, ఒక చేయి దానికి ఆనించి, నడుము దగ్గర ఒక్క గడి చెరిపాను. అంతే, మనిషి కదిలింది!

ఈ నల్లని రూపును సిలూయెట్ అంటున్నారు. ఛాయాచిత్రం అంటే ఫొటో. నీడ అందామంటే కాళ్ల కింద వేసే నీడ వేరే ఉంది. ‘వాలకం’ అనవచ్చా?

నెల్లూరు నుంచి:
వాలకంలో అనుమానపు వాసన ఉంది బాబూ. ‘వీడి వాలకం చూస్తే అప్పు అడిగేలా ఉన్నాడు’ అంటాం గానీ, పెళ్లిచూపుల్లో అబ్బాయి వాలకం ముచ్చటగా ఉందంటామా? మన తిక్కన విరాటపర్వంలో ‘సింగం బాకటితో’ పద్యం చూడండి. ఆకలితో గుహలో పడి ఉన్న సింహం ఏనుగుల మందను చూసి వచ్చే తీరుతో అర్జునుడు వస్తున్నాడట. ‘వచ్చు నోజన్’ అన్నాడు. ఓజ అంటే తీరు, రీతి.

ఒంగోలు నుంచి:
ఓజ అంటే ఈనాటి పిల్లలు ఓజస్సు అనుకుంటారు, మాస్టారూ. ‘ఆనవాలు’ చాలదా? మా ఒంగోలు గిత్తకు మూపురం చెరిపేస్తే ఏ ఊరి ఎద్దో ఎవరు చెప్పగలరు?

కావలి నుంచి:
మూపురం ఆనవాలు, నిజమే. కానీ అది ఒంటిమీది ఒక గుర్తు. నాకు కావలసింది మొత్తం రూపు. మాస్టారి మాట నడకకు అతికింది. అడుగులు వేయించే నాలుగు బొమ్మల వరుసకు ‘ఓజ’ అని పేరు పెట్టుకున్నాను. నిలబడిన నల్లబొమ్మకు మాత్రం ఇప్పటికి వాలకమే. ఆటలో అప్పు అడిగేవాడు కూడా ఒకడున్నాడు లెండి.