కిర్కాఫ్ నియమాలతో లెక్క చేస్తే ఒక శాఖలో ప్రవాహం ఋణాత్మకంగా వస్తోంది

ప్రశ్న (ఇంటర్ విద్యార్థి):
నమస్కారమండీ. 12 వోల్టుల బ్యాటరీతో 2 ఓమ్‌ల నిరోధాన్ని, 6 వోల్టుల బ్యాటరీతో 4 ఓమ్‌ల నిరోధాన్ని శ్రేణిలో కలిపి, ధన ధ్రువాలు ఒకే వైపు ఉండేలా ఆ రెండు శాఖలనూ 12 ఓమ్‌ల నిరోధానికి సమాంతరంగా కలిపారు. బ్యాటరీల ధన ధ్రువాల నుంచి వెలువడే ప్రవాహాలను వరుసగా క, ఖ అనీ, 12 ఓమ్‌లలో ప్రవాహాన్ని గ అనీ అనుకున్నాను. ఖ విలువ −0.75 ఆంపియర్ వచ్చింది. దిశ మార్చుకుని లెక్కంతా మళ్ళీ చేయాలా? సంధి నియమం (తీగలు కలిసే చోటికి వచ్చే ప్రవాహాల మొత్తం, అక్కడి నుంచి వెళ్ళే మొత్తానికి సమానం) వాడకుండా, వలయంలోని మూసిన దారులైన మూడు లూప్‌లకూ మూడు సమీకరణాలు రాసి చూస్తే 0 = 0 అని తేలుతోంది. ఎందుకలా?

సమాధానం 1:
మళ్ళీ చేయనక్కర్లేదు, మీ జవాబు సరైనదే. సంధి వద్ద క + ఖ = గ. లూప్ నియమం (ఏ మూసిన దారిలోనైనా బ్యాటరీల వోల్టుల మొత్తం, నిరోధాల వద్ద తగ్గే వోల్టుల మొత్తానికి సమానం) ప్రకారం 12 = 2క + 12గ, 6 = 4ఖ + 12గ. వీటిని సాధిస్తే గ = 0.75, క = 1.5, ఖ = −0.75 ఆంపియర్లు వస్తాయి. 12 ఓమ్‌ల నిరోధం కొనల మధ్య 9 వోల్టులు ఉన్నాయి కనుక, 6 వోల్టుల బ్యాటరీ ప్రవాహాన్ని ఇవ్వలేదు సరికదా, తన ధన ధ్రువం గుండా లోపలికి తీసుకుంటుంది. అది రీఛార్జి బ్యాటరీ అయితే ఛార్జ్ అవుతుంది. ఆ విషయాన్నే ఋణ గుర్తు చెబుతోంది. లెక్క మధ్యలో మాత్రం దిశ మార్చకండి, ఎందుకంటే ఒక సమీకరణంలో మార్చి ఇంకొకదానిలో మరిచిపోతే మార్కులు పోతాయి.

సమాధానం 2:
రెండో సందేహానికి: బయటి లూప్ ఇచ్చే 6 = 2క − 4ఖ అనేది పై రెండు లూప్ సమీకరణాల భేదమే, అందులో కొత్త సమాచారమేమీ లేదు. మూడు శాఖలు, రెండు సంధులు ఉన్న వలయంలో స్వతంత్ర సమీకరణాలు సంధి నుంచి ఒకటి, లూప్‌ల నుంచి రెండు మాత్రమే వస్తాయి. రెండో సంధికి రాసినా మొదటిదే తిరిగి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. పరీక్షలో జవాబు సరిచూసుకోవడానికి మార్గం ఏదైనా ఉందా?

సమాధానం 1:
సామర్థ్యాలు కూడి చూడండి. 12 వోల్టుల బ్యాటరీ 12 × 1.5 = 18 వాట్లు ఇస్తోంది. నిరోధాలలో వరుసగా 4.5, 2.25, 6.75 వాట్లు వేడిగా పోతున్నాయి, రెండో బ్యాటరీ 6 × 0.75 = 4.5 వాట్లు తీసుకుంటోంది, మొత్తం 18. జవాబులో ఋణ గుర్తును అలాగే ఉంచి, ప్రవాహం అసలు దిశ ఏదో పక్కనే ఒక వాక్యంలో రాయండి.