డంపింగ్ యార్డు ఆర్‌ఓ రిజెక్టు: కుప్ప మీదకే తిప్పితే రికవరీ పడిపోతోంది, ఏం చేయాలి?

చంపావతి_ప్లాంటు:
విజయనగరం దగ్గర డంపింగ్ యార్డులో లీచేట్ (చెత్తలోంచి ఊరే మురికినీరు) శుద్ధి చేసే ప్లాంటు. రోజుకు 50 కేఎల్ (కిలోలీటర్లు), బ్యాక్టీరియాతో చేసే బయలాజికల్ శుద్ధి తర్వాత డిస్క్ ట్యూబ్ ఆర్‌ఓ (డిస్కుల మధ్య మెంబ్రేన్లతో ఉప్పును వడకట్టేది). మొదట్లో 70 శాతం రికవరీ (శుభ్రమై వచ్చే నీటి వాటా), 15 కేఎల్ రిజెక్టు (మిగిలే చిక్కటి ఉప్పునీరు). రిజెక్టును పైపు వేసి చెత్తకుప్ప మీదకే పంపుతున్నాం. ఇప్పుడు ఫీడు (ఆర్‌ఓలోకి వెళ్లే నీరు) కండక్టివిటీ, అంటే ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, 18 నుంచి 26 మిల్లీసీమెన్స్‌కి చేరింది. 62 బార్ పెట్టినా రికవరీ 55 దాటట్లేదు. కుప్ప దగ్గర కుళ్లిన గుడ్ల కంపు. పీహెచ్‌కి సల్ఫ్యూరిక్ ఆసిడ్ వాడుతున్నాం. మెంబ్రేన్లు మార్చాలా? రిజెక్టును ఎండకు ఆరబెట్టే సోలార్ పాండ్ చాలా, మరిగించి ఆవిరి చేసే ఎవాపరేటర్ పెట్టాలా?

నాగావళి_కెమ్:
మెంబ్రేన్ల జోలికి పోయే ముందు ఉప్పు లెక్క చూడండి. 18 మిల్లీసీమెన్స్ అంటే టీడీఎస్ (కరిగిన లవణాలు) లీటరుకు సుమారు 12 గ్రాములు. 50 కేఎల్‌లో 600 కిలోలు. పర్మియేట్‌తో (ఆర్‌ఓ దాటి వచ్చే శుభ్రమైన నీటితో) పోయేది నామమాత్రం. అంటే నెలకు 18 టన్నుల ఉప్పు మీరే తిరిగి కుప్పకు పోస్తున్నారు. సీవోడీని (నీటిలోని సేంద్రియ మలినాన్ని) బ్యాక్టీరియా కొంత తింటుంది. క్లోరైడు, సోడియం తరగవు. గాలి ఆడని చోట అమ్మోనియా కూడా అంతే.

ఇప్పటి ఫీడు 17 గ్రాములనుకుంటే, 70 శాతం లాగేసరికి రిజెక్టు వైపు 57 గ్రాములు. దాని ఓస్మాటిక్ ప్రెజరే (నీటిని బయటికి రానీయకుండా ఉప్పు వెనక్కి లాగే ఒత్తిడి) 40 బార్ పైన. మీ 62 బార్‌లో చివరి డిస్కులకు మిగిలేది 20. రికవరీ పడక ఏం చేస్తుంది? కొత్త మెంబ్రేన్లు వేసినా ఇదే కథ.

కంపు మీ ఆసిడ్ వల్లే అయ్యుండొచ్చు. రిజెక్టులోని సల్ఫేటు చెత్త లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అవుతుంది. గ్యాస్ మీటరు లేకుండా సంపులోకి ఎవర్నీ దింపకండి, ముక్కును నమ్ముకోవద్దు. మోతాదు పెరిగితే వాసనే తెలియదు.

సీఐపీ (మెంబ్రేన్లను విప్పకుండా రసాయనాలతో కడగడం) ఏ వరసలో చేస్తున్నారో కూడా చూడండి. ముందు కాస్టిక్, తర్వాత సిట్రిక్. ఆసిడ్ ముందు పోస్తే హ్యూమిక్ పదార్థం (కుళ్లిన చెత్త నుంచి వచ్చే గోధుమరంగు సేంద్రియ పదార్థం) మెంబ్రేన్ మీదే పేరుకుంటుంది.

గార_తీరం:
సోలార్ పాండ్ గురించి. ఉప్పునీరు మామూలు నీటికంటే నెమ్మదిగా ఆరుతుంది. ఎండాకాలంలో రోజుకు 3 మిల్లీమీటర్లు వేసుకున్నా 15 కేఎల్‌కి 5000 చదరపు మీటర్లు, అంటే ఎకరంపావు. మన వైపు ఏటా సుమారు 1100 మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు దాకా. ఆ నెలల్లో పాండ్ ఆరదు, నిండుతుంది. నాలుగు నెలల నిల్వకే 1800 కేఎల్ కావాలి, వాన నీరు అదనం. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో, రెండూ అక్టోబరులోనే వచ్చాయి, సరిగ్గా పాండ్ నిండుగా ఉండే సమయానికి. జనవరి నుంచి మే దాకా ఎవాపరేటర్‌కి తోడుగా వాడుకోండి, అంతే.

దానికంటే ముందు లీచేట్‌నే తగ్గించండి. ఎకరం కుప్ప మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లు. పని జరగని భాగమంతా షీటు కప్పి, చుట్టూ వాననీటి కాలువ వేరుగా తీస్తే ఎవాపరేటర్ సైజే తగ్గుతుంది. బయోమైనింగ్‌తో (పాత చెత్తను తవ్వి వేరుచేసి తరలించడంతో) కుప్పే ఖాళీ అయ్యేదైతే ఎవాపరేటర్ సొంతంగా కొనకండి, స్కిడ్ (ఫ్రేము మీద బిగించిన కదిలించదగ్గ యూనిట్) అద్దెకు చూడండి.

రణస్థలం_ఎంఈఈ:
ఎవాపరేటర్ ఎంచుకునేటప్పుడు నాలుగు చోట్ల దెబ్బ తింటారు.

నురగ అన్నిటికంటే పెద్ద తలనొప్పి. ఆసిడ్ వేయగానే కార్బన్ డయాక్సైడ్ పొంగుతుంది, కాబట్టి ఆ పని విడి ట్యాంకులో గాలి కొడుతూ పూర్తి చేసి, తర్వాతే ఫీడు ఇవ్వండి. యాంటీఫోమ్ డోసింగ్ పంపు తప్పనిసరి.

పీహెచ్ 5.5 నుంచి 6 మధ్య ఉంచండి. పైకి పోతే అమ్మోనియా, బాగా కిందకు పోతే వోలటైల్ (ఆవిరితో పాటు లేచే) ఆసిడ్లు డిస్టిలేట్‌లోకి (ఆవిరి చల్లారి వచ్చే నీటిలోకి) వస్తాయి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో నీటి వనరుల్లోకి వదలాలంటే లీటరుకు అమ్మోనియా నైట్రోజన్ 50, బీవోడీ (బ్యాక్టీరియా తినగల మలినం) 30 మిల్లీగ్రాములు దాటకూడదని ఉండేది. డిస్టిలేట్‌ని ఆర్‌ఓ ముందుకు తిప్పే పైపు మొదటి నుంచే పెట్టించుకోండి.

ఈ క్లోరైడుకు, ఈ వేడికి 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు ట్యూబులకు చిల్లులు పడతాయి. ట్యూబులు టైటానియం, బాడీ డ్యూప్లెక్స్ స్టీలు అడగండి. కొటేషన్ తక్కువ వచ్చిందంటే కోత పడింది ఇక్కడే.

ఎంవీఆర్ (వచ్చిన ఆవిరినే ఫ్యాన్‌తో నొక్కి మళ్లీ వేడికి వాడే ఎవాపరేటర్) కరెంటు మీదే నడుస్తుంది, బాయిలర్ గోల లేదు. కానీ ఉప్పు చిక్కబడేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పెరిగి, ఫ్యాన్ ఇచ్చే 6-8 డిగ్రీల్ని అదే మింగేస్తుంది. అక్కడితో ఆపి మిగతాది ఏటీఎఫ్‌డీకి (పలుచని పొరగా పరిచి పొడిచేసే డ్రయ్యర్‌కి) ఇవ్వండి. నడిపే మనుషులకు కొదవ లేదు, పైడిభీమవరం ఫార్మా యూనిట్లలో ఇవే యంత్రాలు.

ఆర్డరు పెట్టే ముందు 5 లీటర్ల రిజెక్టుకు పీహెచ్ సరిచేసి, ఫ్యూమ్ హుడ్‌లో అర లీటరు దాకా మరిగించి చూడండి. స్ఫటికాలు వచ్చాయా, తారులా జిగురు వచ్చిందా అన్నది అక్కడే తేలుతుంది.

చంపావతి_ప్లాంటు:
ధన్యవాదాలండి. వచ్చిన ఉప్పును సిమెంటులో కలిపి యార్డులోనే పూడిస్తే?

నాగావళి_కెమ్:
సిమెంటు సీసం లాంటి లోహాల్ని కొంత పట్టి ఉంచుతుంది, సోడియం క్లోరైడును కాదు. వాన తగిలితే అదే ఉప్పు మళ్లీ మీ లీచేట్ సంపుకే. ఆ ఉప్పు తేమ కూడా లాగుతుంది, శ్రావణంలో బయట పెడితే బురదే. డ్రయ్యర్ నుంచి దిగగానే లైనర్ ఉన్న సంచుల్లో మూతి కట్టి, రేకుల షెడ్డులో పెట్టండి. లీచింగ్ పరీక్ష చేయించి, ఆ రిపోర్టుతో పీసీబీని (కాలుష్య నియంత్రణ మండలిని) అడిగి పరవాడ టీఎస్‌డీఎఫ్‌కి (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రానికి) పంపండి. అక్కడ టన్ను లెక్కన తీసుకుంటారు కాబట్టి తేమ ఎంత ఉంటే అంత నీటికి కూడా డబ్బు కట్టాల్సిందే.