కలెక్టర్ గారి మీటింగులో ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు: పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో ఏది చెప్పాలి?

అంగన్‌వాడీ టీచర్ (నల్లగొండ జిల్లా)

అందరికీ నమస్కారం. నేను 17 ఏళ్ళుగా అంగన్‌వాడీ టీచర్‌ని. మా కేంద్రంలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు 22 మంది, మూడేళ్ళలోపు వాళ్ళు 19 మంది. వచ్చే నెల జిల్లా రివ్యూ మీటింగులో ఒక్కో ప్రాజెక్టు నుంచి ఒక టీచర్ పూర్వ ప్రాథమిక విద్య మీద ఐదు నిమిషాలు మాట్లాడాలట. మా సూపర్‌వైజర్ మేడమ్ నా పేరు ఇచ్చారు. కలెక్టర్ గారు కూడా ఉంటారు. విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.

ఎప్పుడూ చెప్పేవే చెప్పి రావడం నాకు ఇష్టం లేదు. అద్దె, గ్యాసు, కొలిచే మిషన్ పాడైన సంగతి ఎవరో ఒకరు ఎలాగూ చెప్తారు. నా మనసులో ఉన్నది వేరు.

మూడేళ్ళ కిందట ఒక సంస్థ వాళ్ళు మా కేంద్రానికి వచ్చారు. ఇద్దరు అమ్మాయిలు, ఎత్తు కొలిచే చెక్క బల్ల, ఒక సంచి నిండా రంగు దిమ్మలు, బొమ్మల పుస్తకాలు. మూడు రోజులు ఉన్నారు. అప్పుడు రెండున్నరేళ్ళ బాబు ఒకడు ఉండేవాడు. దిమ్మలు ఒకదాని మీద ఒకటి పెట్టమంటే పెట్టలేదు. ఎర్ర దిమ్మ తీసి అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, ఆ అమ్మాయి నోటి దగ్గరకు తీసుకెళ్ళి "లడ్డు, తిను" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. కానీ కాగితం మీద సున్నా వేసింది. నేను పక్కనే ఉండి చూశాను. దిమ్మను లడ్డు చేసుకోవడం కూడా తెలివే కదమ్మా అని అడగాలనిపించింది. అడగలేకపోయాను.

వాళ్ళు వెళ్ళాక ఒక్క కబురు లేదు. మా పిల్లలు ఎలా ఉన్నారు, నేనేం మార్చుకోవాలి, ఏదీ తెలియలేదు. ఆ కొలతలు ఎక్కడికి పోతాయి? వాటివల్ల ఎక్కడైనా ఒక జీఓ మారిందా, పిల్లల కంచంలోకి ఏమైనా వచ్చిందా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఐదు నిమిషాల్లో నేను చెప్పగలిగింది కావాలి.

పాలమూరు వాసి (సర్వే పనిచేసి రిటైరయ్యాను)

అమ్మా, అలా సున్నాలు వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా రకరకాల సర్వేల కోసం ఊళ్ళు తిరిగాను. తల్లులు అడిగేవాళ్ళు, "సారూ, గిదంతా రాసుకుంటే మాకేమొస్తది?" అని. "పైకి పోతది, సర్కారుకు తెలుస్తది" అనేవాణ్ణి. పోయిందో లేదో నాకే తెలియదు. రిటైరయ్యాక ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుతుంటే, ఇలాంటి పరిశోధనలు ఏమయ్యాయో వెతికి చదవడం మొదలుపెట్టాను.

మన దగ్గరిదే ఒకటి చెప్తాను. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళలో జాతీయ పోషకాహార సంస్థ, అదే తార్నాకలో ఉన్నది, ఒక అధ్యయనం చేసింది. అప్పటికి ఐసీడీఎస్, అంటే మీ అంగన్‌వాడీలను నడిపే పథకం, అన్ని ఊళ్ళకూ రాలేదు, విడతలవారీగా వస్తోంది. వచ్చిన 15 ఊళ్ళలో గర్భిణులకూ చిన్న పిల్లలకూ రోజూ ఉప్మా వండి పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో చేసింది. ఇంకా రాని 14 ఊళ్ళను పోల్చుకోవడానికి పెట్టుకున్నారు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యాక, 2003–05లో, మళ్ళీ ఆ ఊళ్ళకే వెళ్ళి వాళ్ళను వెతికి కొలిచారు. ఉప్మా పెట్టిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కువ ఉన్నారు. తర్వాత్తర్వాత షుగరు, గుండె జబ్బులకు దారితీసే లక్షణాలు కూడా వాళ్ళలో తక్కువ కనిపించాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

14 మిల్లీమీటర్లంటే ఒక వేలి మందం. అంతేనా అనిపిస్తుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. కడుపులో ఉన్నప్పుడూ, ఊహ తెలియనప్పుడూ పెట్టిన తిండి, మీసాలొచ్చే వయసులో కూడా ఒంట్లో కనబడుతోంది. ఆ ఉప్మా కలిపింది మీలాంటివాళ్ళే.

రెండోది యంగ్ లైవ్స్ అనే అధ్యయనం. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది వయసున్న పిల్లలు 2,000 మందికి పైగా, ఎనిమిదేళ్ళ వాళ్ళు 1,000 మంది దాకా తీసుకుని, వాళ్ళు పెద్దవాళ్ళయ్యేదాకా వెంట తిరుగుతూ వచ్చారు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మా పాలమూరు, హైదరాబాద్. ఆ పిల్లల లెక్కలతోనే బడి భోజనం సంగతి తేలింది. 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది, మన దగ్గర 2003 జనవరిలో మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కరువు. కరువు దెబ్బ తిన్న ఇళ్ళల్లో చిన్న పిల్లల ఎదుగుదల కుంటుపడింది. ఆ లోటును తర్వాత బడి భోజనం పూడ్చిందని ఆ కొలతలు చూపించాయి.

ఇక్కడ అన్నం ముందు వచ్చింది, రుజువు తర్వాత వచ్చింది. కోర్టును కదిలించింది ఆకలే. అయినా రేపు ఎవరైనా ఆ ఖర్చు దండగ అంటే ముందు పెట్టడానికి ఒక కాగితం ఉంది. అంత మాత్రం జరిగిందమ్మా. మీ ఊరికి తిరిగి కబురు చెప్పకపోవడం మాత్రం తప్పే. మేము కూడా ఏ ఊరికీ చెప్పలేదు.

రీసెర్చ్ స్కాలర్ (చెన్నై)

టీచర్ గారూ, మీకు పనికొచ్చేది పక్క రాష్ట్రంలో ఉంది. తమిళనాడులో 320 అంగన్‌వాడీలు తీసుకుని, చీటీలు తీసినట్టు సగం కేంద్రాలను ఎంపిక చేశారు. వాటిలో పిల్లలకు చదువు చెప్పడానికే రోజుకు ఒక పూట పనిచేసే మనిషిని అదనంగా పెట్టారు. గానిమియన్, కార్తీక్ మురళీధరన్, వాల్టర్స్ అనే ముగ్గురు ఆర్థికవేత్తల పని ఇది. ఏడాదిన్నర తర్వాత చూస్తే చదువుకు దొరికే సమయం రెట్టింపు అయింది, లెక్కలూ భాషా రెండూ మెరుగయ్యాయి. నన్ను ఆపి మళ్ళీ చదివించింది మాత్రం ఇంకోటి. ఆ కేంద్రాల్లో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు, తీవ్ర పోషణ లోపం ఉన్న పిల్లలు కూడా తగ్గారు. వచ్చిన మనిషి చెప్పింది ఆటపాటలే. కానీ పాత టీచర్‌కి చేయి ఖాళీ అయి, తూకాలూ తిండీ ఇళ్ళకు వెళ్ళడమూ చూసుకునే తీరిక దొరికింది. అంటే కొరత సరుకులో కాదు, మీ టైములో ఉంది.

మీ జిల్లాలో జరిగినది కూడా ఒకటి ఉంది. నల్లగొండ ఊళ్ళలో పోషకాహార సంస్థ వాళ్ళు ప్రీస్కూల్ పిల్లల అన్నంలో ఐరన్, విటమిన్ల పొడి కలిపి చూశారు. ఆటపాటలు అంతంత మాత్రంగా నడిచే కేంద్రాల్లో ఆ పొడి వల్ల పిల్లల మాట మెరుగైంది. బాగా నడిచే కేంద్రాల్లో పొడి కలిపినా కలపకపోయినా ఆ విషయంలో తేడా రాలేదు. నాకైతే దీన్నిబట్టి తోచేది ఒక్కటే. మీరు కథ చెప్పి ఆడించే ఆ గంట కూడా ఒక పోషణే.

మూడేళ్ళలోపు వాళ్ళ కోసమైతే ఒడిశా చూడండి. ఊళ్ళలో తల్లుల్ని పిల్లల్తో సహా గుంపుగా కూర్చోబెట్టి ఆడించడం, ఇంటింటికీ వెళ్ళి ఆడించడం, రెండూ పోల్చారు. ఫలితం ఇంచుమించు ఒకటే, గుంపుకు ఖర్చు చాలా తక్కువ. దీనికి మూలం జమైకాలో ఉంది. 1986–87లో కింగ్‌స్టన్‌లో ఎదుగుదల లోపించిన 129 మంది పసివాళ్ళతో మొదలైంది. ఖాళీ ప్లాస్టిక్ సీసాల్లాంటి వాటితో చేసిన బొమ్మలు పట్టుకుని ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒకసారి ఇంటికి వెళ్ళి, తల్లి చేతే బిడ్డను ఆడించేవాళ్ళు. రెండేళ్ళు అలా చేశారు. ఇరవై ఏళ్ళ తర్వాత, ఆ 129 మందిలో అలా ఆడించిన పిల్లల సంపాదన ఆడించని వాళ్ళ కంటే 25 శాతం ఎక్కువ ఉంది.

ఒక తల్లి (సూర్యాపేట)

టీచర్ గారూ, మా బాబును అంగన్‌వాడీ మాన్పించి ప్రైవేటులో ఎల్‌కేజీ వేశాను. నాలుగేళ్ళకే పక్కింటి పిల్ల ఏబీసీడీలు రాస్తోంది, మావాడు మట్టితో ఆడుతున్నాడని భయమేసింది. ఇక్కడ చదివాక మనసు బరువెక్కింది. ఆడితే వస్తుందని మాకెవరూ చెప్పలేదు. మీటింగులో తల్లిదండ్రులకు చెప్పే సంగతి కూడా ఎత్తండి.

అంగన్‌వాడీ టీచర్ (నల్లగొండ జిల్లా)

అక్కా, మీ తప్పేం లేదు. నాకు కూడా "పోషణ్ భీ పఢాయీ భీ" ట్రైనింగులో, ఆటలతోనే నేర్పమనే "నవచేతన", "ఆధారశిల" పుస్తకాలు చూశాకే ధైర్యం వచ్చింది. అంతకుముందు తల్లులు అడిగితే నేనూ పలక ఇచ్చి దిద్దించేదాన్ని. ఎత్తుతాను, తప్పకుండా.

పెద్దాయనా, 14 మిల్లీమీటర్లు నా స్కేలు మీద పెట్టి చూసుకున్నాను.

రిటైర్డ్ సీడీపీఓ (అంగన్‌వాడీ ప్రాజెక్టు అధికారి, ఖమ్మం)

అమ్మా, ఇలాంటి రివ్యూల్లో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాను. ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. పరిశోధన ఎంత గొప్పదైనా, చెప్పి ఊరుకుంటే "బాగుందమ్మా" అని తర్వాతి టీచర్‌ని పిలుస్తారు. ఎదురుగా కూర్చున్న మనిషి చేతిలో ఏముందో అదే అడగాలి. తమిళనాడు లెక్క చెప్పి ఇంకో టీచర్‌ని ఇవ్వండి అంటే, అది కలెక్టర్ గారి చేతిలో లేదు. కొత్త పోస్టంటే కేంద్రం వాటా, రాష్ట్రం వాటా, ఆర్థిక శాఖ. ఆ ఫైలు జిల్లాలో పుట్టదు.

కానీ టైము సంగతి జిల్లాలో తేలుతుంది. బాలామృతం, గుడ్లు ఏ రోజు ఏ పూట పంచాలి, సెక్టార్ మీటింగు పొద్దున పెట్టాలా మధ్యాహ్నమా, ఒకే లెక్క ఫోన్‌లోనూ రిజిస్టర్‌లోనూ రెండుసార్లు ఎందుకు రాయాలి, ఇవన్నీ ఆ గదిలోనే తేల్చవచ్చు. బీఎల్‌ఓ డ్యూటీ, అదే ఓటర్ల జాబితా పని, ఆ సంగతి కూడా అడగొచ్చు, జిల్లా ఎన్నికల అధికారి ఆయనే కదా.

ఇంకొకటి. తమిళనాడు తమిళనాడే, మన కేంద్రం లెక్క ఏది అని అడుగుతారు. నేనైనా అదే అడిగేదాన్ని. అందుకని ఒక వారం పాటు నోటుబుక్కు పెట్టుకుని, నిజంగా పిల్లల్తో కూర్చుని ఆటా పాటా కథా చెప్పిన నిమిషాలు రాయండి. ఎక్కువ రాయొద్దు, తక్కువా రాయొద్దు. ఎందుకు ఆగిపోయిందో పక్కన ఒక ముక్క రాయండి.

అంగన్‌వాడీ టీచర్ (నల్లగొండ జిల్లా)

మేడమ్, రాశాను. ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

సోమవారం 50 నిమిషాలు. మంగళవారం 35, ఆయమ్మ సెలవు, వంట నేనే చేశాను. బుధవారం సున్నా. గురువారం 65. శుక్రవారం 20, పొద్దున సెక్టార్ మీటింగు. శనివారం 45. మొత్తం 215 నిమిషాలు. ట్రైనింగులో రోజుకు కనీసం రెండు గంటలు అని చెప్పారు. ఆ లెక్కన ఆరు రోజులకు 720 ఉండాలి. కూడిక మూడుసార్లు చేశాను. నేను ఇంకా ఎక్కువే చెప్తున్నాననుకున్నాను.

బుధవారం సంగతి చెప్పాలి. ఆ రోజు ఇంటికిచ్చే రేషన్ పంపిణీ. తల్లి ముఖం ఫోన్‌లో ఫొటో తీస్తే, పాత ఫొటోతో కలిస్తేనే ప్యాకెట్ ఇచ్చినట్టు నమోదవుతుంది. లోపల సిగ్నల్ రాదు, వేపచెట్టు కిందకు వెళ్ళాలి. ఒక తల్లి ఎండకు కళ్ళు చిట్లిస్తే తీసుకోలేదు. కొంగు తీసినా తీసుకోలేదు. చంటిదాన్ని నా చేతికిచ్చి నిలబడితే నాలుగోసారికి తీసుకుంది. "టీచరమ్మా, నా మొఖం మారిందా ఏంది?" అంది. అలా పదకొండు మంది. లోపల ఆయమ్మ అన్నం వారుస్తోంది. పిల్లలు గుమ్మం దగ్గర వరసగా కూర్చుని నన్నే చూస్తున్నారు. ఒక పాప కథల పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉంది, తిప్పలేదు, మూయలేదు. నేను వెళ్ళేసరికి అన్నం టైమైంది.

కాబట్టి అడగబోయేవి రెండే. పంపిణీ రోజున పని మధ్యాహ్నం రెండు తర్వాత మొదలుపెట్టనివ్వాలి, సెక్టార్ మీటింగు కూడా మధ్యాహ్నానికి మార్చాలి. ఈ రెండూ జరిగితే బుధవారమూ శుక్రవారమూ పిల్లలకు దొరుకుతాయి. ముందు నా 215, తర్వాత తమిళనాడు, చివర మన 29 ఊళ్ళ ఉప్మా అధ్యయనం. తల్లులకు చెప్పే సంగతికి నెలకొక పూట గుంపుగా కూర్చోబెడతానని నేనే ఒప్పుకుంటాను, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఇంకా, ఈసారి ఎవరైనా కొలవడానికి వస్తే, ఫలితం ఒక కాగితం మీద తెలుగులో రాసి కేంద్రానికి పంపాలని షరతు పెట్టమని కలెక్టర్ గారిని అడగవచ్చా? అడిగితే ఎక్కువ చేసినట్టవుతుందా? మేడమ్, మీరే చెప్పాలి.

గడియారం పెట్టుకుని మా ఆయన ముందు చదివితే నాలుగు నిమిషాల పది సెకన్లు వచ్చింది. ఇంకా యాభై సెకన్లున్నాయి. వాటిలో లడ్డు బాబు సంగతి చెప్తాను. వాడు ఈ జూన్‌లో ఒకటో తరగతికి వెళ్తున్నాడు.