సీఎంవీ పీసీఆర్: రెండు ల్యాబుల అంకెలు పోల్చవచ్చా?

మా తమ్ముడికి కిడ్నీ మార్పిడి జరిగి ఎనిమిది నెలలు దాటింది. దాతకి సీఎంవీ (సైటోమెగలోవైరస్) ఐజీజీ, అంటే పాత ఇన్‌ఫెక్షన్‌ని చూపే యాంటీబాడీ, పాజిటివ్, వీడికి నెగెటివ్. ఆ వైరస్ రాకుండా ఇచ్చే వాల్‌గాన్‌సైక్లోవిర్ 200 రోజులు వాడి ఆపేశారు. ఆపిన ఏడో వారంలో రోజుకి ఐదారుసార్లు విరేచనాలు, సాయంత్రమయ్యేసరికి 99.8 జ్వరం. తెల్లరక్తకణాలు 2,900.

మల పరీక్షల్లో ఏ బ్యాక్టీరియా దొరకలేదు. రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫినోలేట్ వల్ల కూడా విరేచనాలు కావచ్చని దాని డోసు డాక్టరుగారే తగ్గించి చూశారు, అయినా తగ్గలేదు. సీఎంవీ ఐజీఎం (కొత్త ఇన్‌ఫెక్షన్‌ని చూపే యాంటీబాడీ) కూడా నెగెటివే, కానీ రోగనిరోధక శక్తిని అణిచే మందుల మీద ఉన్నవాళ్ళలో దాన్ని నమ్మలేమన్నారు.

అసలు చిక్కు రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే పీసీఆర్‌తో. మొదటి ల్యాబ్ ప్లాస్మాలో (కణాలు తీసేసిన రక్తద్రవంలో) మిల్లీలీటరుకి 640 అంతర్జాతీయ యూనిట్లు చూపించింది. ఎనిమిది రోజులకి రెండో ల్యాబ్‌లో 2,100 కాపీలు. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో 'హోల్ బ్లడ్' (కణాలతో సహా మొత్తం రక్తం) అని ఉంది, అది ఇంటికొచ్చాక గాని చూసుకోలేదు! ఒకే ల్యాబ్, ఒకే రకం శాంపిల్ అయితే మూడు రెట్లు దాటితే నిజంగా పెరిగినట్టేనట. ఇక్కడ ల్యాబు, శాంపిలు, యూనిట్లు మూడూ మారాయి. రెండు ల్యాబులకీ ఫోన్ చేశాను, ఎవరి అంకె వాళ్ళకి కరెక్టే. మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఈ రెండింటినీ పోల్చి వైరస్ పెరిగిందనుకోవచ్చా, లేక మొదటి ల్యాబ్‌లోనే మళ్ళీ ప్లాస్మాతో చేయించుకుని వెళ్ళాలా?