పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్, వేడెక్కినంక టిక్ మని ఊకుంటది

నల్గొండ_పెట్రోల్:
2014 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేరు, 86 వేల కిలోమీటర్లు. పొద్దున మంచిగ స్టార్ట్ అయితది. మిర్యాలగూడ దాకా పోయి, బండి ఆపి, పావుగంటకు మళ్ల తాళం తిప్పితే బానెట్ కింద టిక్ మని ఒక్క సప్పుడు, అంతే. ఐదారు సార్లు తిప్పితే ఒకసారి లేస్తది, లేకుంటే అరగంట ఆగాలె. బ్యాటరీ వేసి మూడు నెలలే. మెకానిక్ క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుడును బండి కంప్యూటర్‌కు చెప్పేది) మార్చాలె అంటున్నడు. మార్చాల్నా?

పాలమూరు_వైరింగ్:
సెన్సర్ జోలికి పోకుర్రి. క్రాంక్ సెన్సర్ వేడికి పోవుడు నిజమే, కానీ అది పోతే సెల్ఫ్ గిర్రున తిరుగుతది, ఇంజనే అందుకోదు. మీకు సెల్ఫే తిరుగుతలేదు. రెండూ వేరే రోగాలు.

ముందు ఆ టిక్ ఎక్కడిదో పట్టుర్రి. ఫ్యూజు బాక్సులకెళ్లి సన్నగ వస్తే రిలేది (తాళం తిప్పితే సోలినాయిడ్‌కు కరెంటు పంపే చిన్న స్విచ్ డబ్బా). కింద ఇంజన్ పక్కకెళ్లి బరువుగ వస్తే సెల్ఫ్ మీది సోలినాయిడ్‌ది (రాగి చుట్ట బలంతోని గుంజుకొని మోటార్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్).

డిక్కీల ఒక మల్టీమీటర్ పెట్టుకోండి. బండి సతాయించే టైంలనే చూడాలె, బాగున్నప్పుడు షాపుకు తీస్కపోతే ఎవ్వరికీ ఏం దొరకది. న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, మీటరు 20 వోల్టుల డీసీ మీద. ఒకరు తాళం తిప్పి రెండు సెకన్లు పట్టుకోవాలె, ఇంకొకరు చదవాలె. చేతులు, వైర్లు ఫ్యాన్‌కు దూరం.

బ్యాటరీ రెండు పోల్స్ మీద (క్లాంపు మీద కాదు, సీసం మీద) 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీనో, సెల్ఫ్ మోటార్ పట్టేసుడో. పడకుండ 12 మీదనే ఉంటే మోటార్ దాకా కరెంటే పోతలేదు. మైనస్ పోల్‌కు, ఇంజన్ ఇనుముకు మధ్య 0.3 దాటితే రోగం ఎర్త్ వైరుల (మైనస్‌ను ఇంజన్‌కు కలిపేది). తర్వాత సోలినాయిడ్: బ్యాటరీ నుంచి వచ్చే లావు బోల్టు, తాళం నుంచి వచ్చే సన్న వైరు, మోటార్ లోపలికి పోయే రెండో బోల్టు. మూడింటినీ ఇంజన్ ఇనుముతోని కొలవాలె.

దేవరకొండ_డ్రైవింగ్:
ఒకటి కలుపుత. సెల్ఫ్ కొట్టినప్పుడు హెడ్‌లైట్లు డిమ్ కాకపోతే ఎర్త్ బాగుంది అనుకుంటరు. తప్పు. లైట్ల ఎర్త్ బాడీకి, సెల్ఫ్ ఎర్త్ ఇంజన్‌కు. ఇంజన్‌కు పోయే పట్టీ తెగినా లైట్లు మంచిగనే వెలుగుతయి.

నల్గొండ_పెట్రోల్:
ఇయ్యాల మధ్యాహ్నం దొరికింది. సప్పుడు సోలినాయిడ్‌దే. తాళం తిప్పి పట్టినప్పుడు బ్యాటరీ 12.3, ఎర్త్ 0.04, లావు బోల్టు 12.2, సన్న వైరు 7.8, రెండో బోల్టు 0.

దేవరకొండ_డ్రైవింగ్:
రెండో బోల్టు సున్నా అంటే లోపలి రాగి కాంటాక్టులు కాలినయి. సోలినాయిడ్ మార్చుర్రి.

పాలమూరు_వైరింగ్:
సన్న వైరుకు 11 వోల్టులు వచ్చి రెండో బోల్టు సున్నా ఉంటే మీరన్నది కరెక్టే. ఇక్కడ వచ్చింది 7.8. నాలుగున్నర వోల్టులు దార్లనే పోతున్నయి. సోలినాయిడ్ సగం గుంజుకొని, కాంటాక్టు కలవకుండ ఆగుతుంది.

వేడికే ఎందుకంటే, రాగి చుట్ట నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతది. 30 నుంచి 90 డిగ్రీలకు పోతే నాలుగో వంతు పెరిగినట్టు, గుంజే బలం తగ్గినట్టు. పొద్దున చల్లగున్నప్పుడు అదే తక్కువ వోల్టేజీకి ఎట్లనో లాక్కుంటది. నల్గొండ మే ఎండల ఇంజన్ ఆపినంక గాలి కూడా ఆడది, పావుగంటకు సెల్ఫ్ ఇంకా కాగుతది.

ఇప్పుడు కొత్త సెల్ఫ్ వేస్తే నాలుగు నెలలు నడుస్తది, రోగం దాగుతది. అదే అసలు నష్టం.

స్టార్టర్ రిలే మీద 30 (కరెంటు లోపలికొచ్చే పిన్ను), 87 (బయటికి పోయే పిన్ను) మధ్య, తాళం తిప్పి పట్టి కొలువుర్రి. 0.2 దాటితే రిలే కాంటాక్టులు పోయినయి. అదే నంబర్ ఉన్న హారన్ రిలే పెట్టి చూస్తే తేలిపోతది. రిలే మంచిదే అయితే 30కే వోల్టేజీ తక్కువొస్తుందా చూడాలె. వస్తే 30కి కరెంటు తెచ్చే ఫ్యూజో, వైరో, కనెక్టరో; కొన్ని బండ్లల్ల ఆ దారి తాళం వెనక ఇగ్నిషన్ స్విచ్‌కెళ్లి వస్తది. అక్కడ బాగుంటే సోలినాయిడ్ కాడి సన్న వైరు క్లిప్పు పీకి చూడుర్రి. ఆకుపచ్చ చిలుము పట్టి, వదులై ఉంటది చానా బండ్లల్ల. గీకి, ప్లయర్‌తోని కొంచెం నొక్కి ఎక్కించాలె. బ్యాటరీ మైనస్ తీసినంకనే చెయ్యి పెట్టాలె, పక్క బోల్టుకు ఎప్పుడూ కరెంటు ఉంటది.

నల్గొండ_పెట్రోల్:
30, 87 మధ్య 3.9 వచ్చింది. హారన్ రిలే పెట్టినంక 0.1, సన్న వైరు 11.6. వేడి మీదనే ఆరు సార్లు కొట్టిన, ఆరు సార్లూ లేచింది.

పాలమూరు_వైరింగ్:
కొత్త రిలే అదే నంబర్‌ది కొనుర్రి. సాకెట్ల పిన్నులు మాడి గోధుమ రంగు తిరిగినయా చూడుర్రి, తిరిగితే సాకెట్ కూడా మార్చాలె.